ఆ కణాలే ఎందుకు చనిపోతున్నాయి?

పార్కిన్సన్స్‌తో మరణించిన వ్యక్తి మెదడును పరీక్ష కోసం కోసినప్పుడు మైక్రోస్కోపు లేకుండానే ఒక తేడా కనిపిస్తుంది. మామూలుగా మధ్య మెదడులో రెండు వైపులా నల్లటి చారలుంటాయి. ఈ జబ్బు వచ్చినవారిలో అవి వెలిసిపోయి ఉంటాయి. ఆ నలుపు, శరీర కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలది. దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్న మెదడులో ఇవి కొన్ని లక్షలే. అవి పోతే చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, చేతిరాత చిన్నదైపోతుంది, అడుగు ముందుకు పడదు. చెయ్యి వణుకుతోందని ఇంట్లోవాళ్లు గమనించేసరికే వాటిలో పెద్ద భాగం నశించి ఉంటుంది.

ఇంగ్లండ్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి రాసింది 1817లో. రోగుల మెదడులో డోపమైన్ తగ్గిపోతోందని 1960లో తేలింది. ఆ దశాబ్దంలోనే వచ్చిన లీవోడోపా అనే మందు మంచానపడినవాళ్లను లేపి నడిపించింది. దాని మేలు తక్కువది కాదు. కానీ అది లోటును భర్తీ చేస్తుందే తప్ప కణాల చావును ఆపదు. ఏళ్లు గడిచేకొద్దీ మందు పనిచేసే సమయం తగ్గుతుంది, ఒళ్లు అదుపు తప్పి మెలికలు తిరుగుతుంది. అందుకే పరిశోధన డబ్బులో పెద్ద వాటా ఒక్క ప్రశ్నకు దక్కాలని మేం అడుగుతున్నాం. మెదడులో ఇన్ని కణాలుండగా ముందు ఇవే ఎందుకు పోతున్నాయి?

తప్పంతా డోపమైన్‌దే అనడానికి లేదు. పక్కనే ఉన్న మరో గుంపు కణాలు కూడా డోపమైన్‌నే తయారుచేస్తాయి, అవి చాలావరకు నిలబడతాయి. తేడా పనిభారంలో ఉన్నట్టుంది. నల్లచారలోని ఒక్కో కణం సంకేతాలు మోసే తన తీగను కొమ్మలుగా చీల్చుకుంటూ పోతుంది. అన్నీ కలిపితే మీటర్ల పొడవు, ఇతర కణాలతో కలిసే సంధులు పది లక్షలకు పైగా ఉంటాయని అంచనా. పైగా బయటి నుంచి ఏ సంకేతం రాకపోయినా ఈ కణం తనంతట తానే రేయింబవళ్లు సంకేతాలు పంపుతూ ఉంటుంది, ఇంజిన్ ఎప్పుడూ ఆపని బండిలా. ప్రతి సంకేతానికీ లోపలికి కాల్షియం వస్తుంది, దాన్ని బయటికి తోడెయ్యాలి. ఈ ఖర్చంతా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మీదే పడుతుంది. కణంలో పేరుకునే ఇనుము, ఆక్సీకరణ చెందే డోపమైన్ ఆ భారాన్ని ఇంకా పెంచుతాయి.

ఇలా అంచు మీద బతికే కణానికి చిన్న దెబ్బ చాలు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మాదకద్రవ్యం ఎక్కించుకున్న కొందరు యువకులు కొద్ది రోజుల్లోనే కొయ్యబారిపోయారు. అందులోని ఎంపీటీపీ అనే రసాయనం మెదడులో విషంగా మారి, డోపమైన్ లోపలికి వెళ్లే దారినే ఈ కణాల్లోకి చొరబడి మైటోకాండ్రియాను దెబ్బతీసింది. పాడైన మైటోకాండ్రియాను ఏరివేసే పింక్1, పార్కిన్ జన్యువుల్లో లోపముంటే చిన్న వయసులోనే జబ్బు వస్తుంది. 1997లో ఈ జబ్బుతో సంబంధం బయటపడిన ఆల్ఫా సైన్యూక్లిన్ కథ వేరు: ఈ ప్రొటీన్ ఆకారం చెడి కణాల్లో ముద్దకడుతుంది. పారాక్వాట్ కలుపుమందు వాడినవారిలో ముప్పు ఎక్కువని అధ్యయనాలు చూపాయి. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి దానికి అనుమతి లేదు, చాలా దేశాల్లో మాత్రం నేటికీ పిచికారీ చేస్తున్నారు. దాన్ని ఆపడానికి అన్ని ఆధారాలూ తేలేదాకా ఆగుదామనడం మాకు సమ్మతం కాదు.

కణంలోకి కాల్షియం వచ్చే దారిని అడ్డుకునే ఇస్రాడిపిన్ అనే మందు పెద్ద ట్రయల్‌లో విఫలమైంది. సైన్యూక్లిన్ మీద ప్రయోగించిన యాంటీబాడీలు కూడా ఆశించిన ఫలితం చూపలేదు. దాంతో ఆ ఆలోచనలే తప్పని కొందరు తేల్చేస్తున్నారు. మేం అంత దూరం వెళ్లం. మందు మొదలయ్యేసరికే సగం యుద్ధం ముగిసిపోయింది. పైగా ఒకరిది జన్యులోపం, మరొకరిది ప్రొటీన్ గొడవ అయినా అందరినీ ఒకే ట్రయల్‌లో కలిపేశారు. వెన్నుపాము ద్రవంలో చెడిన సైన్యూక్లిన్‌ను పట్టుకునే పరీక్ష ఇప్పుడు అందుబాటులో ఉంది. ఇకపై ట్రయల్స్‌లో ఆ పరీక్ష, జన్యు పరీక్ష చేసి రోగులను విడదీయడం తప్పనిసరి కావాలి.

ఈ డోపమైన్ కణాలన్నీ ఒకటి కావని, వాటిలో పది రకాలున్నాయని, అందులో ఒక రకం మిగతావాటికంటే ఎక్కువగా నశిస్తోందని 2022లో తేలింది. చనిపోయాక మెదడును దానమిచ్చినవాళ్ల వల్లే అది సాధ్యమైంది. పోల్చి చూడటానికి జబ్బులేనివాళ్ల మెదడు కూడా కావాలి, అదే దొరకడం కష్టం. మరణించిన కొద్ది గంటల్లోనే మెదడును సేకరించి భద్రపరచాలి కాబట్టి కుటుంబం అంగీకారం ముందే ఉండాలి, రాత్రయినా పండగయినా ఫోన్ ఎత్తే సిబ్బంది ఉండాలి. ప్రభుత్వాలు బ్రెయిన్ బ్యాంకులకు ఏటా నిధులు కేటాయించాలి, న్యూరాలజీ విభాగాల్లో ఈ దానం గురించి రోగులతోనూ వారి వెంట వచ్చేవారితోనూ మాట్లాడే ఏర్పాటు ఈ ఏడాదే మొదలుకావాలి.