బయటికి దారి ఎటండీ?

చిన్న వ్యాపారానికి ఏ వెబ్‌సైటు ప్లాట్‌ఫారం మంచిదో తేల్చిచెప్పే పోలిక పట్టికలను ఈమధ్య కాస్త ఎక్కువగానే చదివాను. చదివేకొద్దీ వాటిని తయారుచేసేవారి మీద గౌరవం పెరిగిపోయింది. పది ప్లాట్‌ఫారాలను పోలుస్తారు. పదికి పదీ అయిదుకు నాలుగున్నర తెచ్చుకుంటాయి. తప్పినవాడు ఒక్కడూ లేని తరగతి! ప్రతి పేరు పక్కనా ‘ఇప్పుడే ప్రారంభించండి’ అని ఒక బొత్తాం. దాన్ని నొక్కి మీరు చందా కడితే పట్టిక రాసినవారికి కమీషన్ ముడుతుందని పేజీ అడుగున, భూతద్దం ఉన్నవారికి కనబడేంత అక్షరాల్లో, ఎంతో నిజాయితీగా రాసి ఉంటుంది.

ఆ పట్టికల్లో లేని వరుస ఉండదు. టెంప్లేట్లు, అంటే ముందే గీసిపెట్టిన పేజీ నమూనాలు, ఎన్ని వందలు, నిల్వ స్థలం ఎన్ని గిగాబైట్లు, కృత్రిమ మేధ లోగో గీసిపెడుతుందా, పేజీ కిందికి జరుపుతుంటే బొమ్మలు తేలుతూ వస్తాయా, అన్నీ ఉంటాయి. ఒక్క వరుస మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ‘రేపు నచ్చకపోతే, లేదా చందా రెట్టింపు చేస్తే, నా సైటును మూటగట్టుకుని మరో చోటికి వెళ్లగలనా?’ అనేది ఆ వరుస. అడగడం అమర్యాద అనుకుంటాను. గడప దాటుతూనే బయటికి దారి ఎటని అడిగేవాడిని ఏ గృహస్థు మాత్రం ఆదరిస్తాడు?

సమాధానం దాచిపెట్టారని అనడం మాత్రం అన్యాయం. సహాయ పేజీల్లో రాసే ఉంటుంది. డబ్బు కట్టాక తీరిగ్గా చదువుకోవచ్చు. విక్స్‌లో కట్టిన సైటు విక్స్ సర్వర్లలోనే ఉంటుంది, దాన్ని ఎత్తుకుపోయి మరో చోట నిలబెట్టడం కుదరదు. స్క్వేర్‌స్పేస్ కొంత దయ చూపుతుంది. మామూలు పేజీలు, ఒక బ్లాగు పట్టుకెళ్లనిస్తుంది, అంగడి పేజీలూ అలంకరణా వదిలేసి వెళ్లాలి. షాపిఫైలో సరుకుల జాబితా, ఖాతాదారుల జాబితా ఫైళ్లుగా దించుకోవచ్చు, కానీ దాని థీమ్, అంటే దుకాణం రూపురేఖలు, మరెక్కడా పనిచేయదు. ఆ షాపిఫై పుట్టుక కథ కూడా వినదగ్గదే. 2004లో టోబియాస్ లుట్కే అనే ఆయన స్నోబోర్డులు అమ్ముకోవడానికి దుకాణం పెట్టబోయి, అప్పట్లో దొరికే సాఫ్ట్‌వేర్లేవీ నచ్చక సొంతంగా రాసుకున్నాడు. 2006కల్లా స్నోబోర్డులు పక్కకు పోయి ఆ సాఫ్ట్‌వేరే సరుకైంది. ప్లాట్‌ఫారం ఎంచుకోవడంలోని బాధ నుంచి తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకైతే తోచలేదు.

అందరికీ ఆ ఉపాయం సాధ్యం కాదు కాబట్టి, మోటార్లు బాగుచేసే ఒక దుకాణం యజమానిగారు టెంప్లేట్ల పుటకు చేరుకుంటారు. ఇక్కడ కాసేపు ఆగుదాం, తొందరేమీ లేదు.

ఆయనకు నచ్చిన టెంప్లేట్‌లో మంచు కమ్మిన కొండ ఉంది. కొండ నడుమ మూడే మూడు మాటలు: ‘మేం కలలు నిర్మిస్తాం’. కిందికి వస్తే తెల్లటి బల్ల, దాని మీద చిన్న కుండీ, ఖాళీ కాగితం చూసి పగలబడి నవ్వుతున్న ఒక యువతి. ఎంత హుందాగా ఉందో అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. బూడిద రంగు నేపథ్యమా, కాస్త లేత బూడిద రంగా అన్న విషయంలో మాత్రం అభిప్రాయ భేదాలు తలెత్తి, అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి.

తరువాత ఆయన తన వ్యాపారం పేరు ఎక్కించారు. ఆ పేరు ఎనిమిది మాటల పొడవు. అది మూడు వరుసలై కొండను పూర్తిగా కప్పేసింది. కలలు పోయి అక్కడ ‘అన్ని రకాల మోటార్లకు వైండింగు చేయబడును’ వచ్చింది. నవ్వుతున్న యువతి స్థానంలో, నేల మీద వరుసగా పేర్చిన మోటార్ల ఫొటో పెట్టారు. ఫోనుతో, వెలుతురుకు ఎదురు నిలబడి తీసినది. అందులో ఎవరిదో ఒంటి చెప్పు కూడా పడింది. ‘మా బృందం’ అన్నచోట టెంప్లేట్ ఆరు గుండ్రటి ముఖాలు అడిగింది. వ్యాపారంలో ఉన్నది ఇద్దరు. అందుకని ఆయన, ఆయన తమ్ముడు, చొక్కా మార్చుకున్న ఆయన, కళ్లజోడు పెట్టుకున్న తమ్ముడు, ఇలా ఆరూ నిండాయి. ఖాతాదారుల ప్రశంసలు మార్చడం ఎవరికీ గుర్తు రాలేదు. ఈనాటికీ జాన్ అనే ఆసామి ఆ పేజీలో, ‘మా పెళ్లి ఫొటోలు అద్భుతంగా తీశారు’ అని మోటారు మెకానిక్కును కొనియాడుతూనే ఉన్నాడు. ‘మా గురించి’ పేజీలో లాటిన్ ఉంది. డిజైనర్లు ఖాళీ నింపడానికి వాడే ఆ అర్థంపర్థం లేని పేరాను కంపెనీ నిబంధనలేమో అనుకుని కదపలేదు.

ఇంతకూ మోటారు కాలిపోయి ఆ సైటుకు వచ్చిన మనిషికి కావలసింది ఏమిటి? ఫోను నంబరు, చిరునామా, ఇప్పుడు తెరిచి ఉన్నారా లేదా అన్న ఒక్క ముక్క. ఫోను నంబరు కనబడితే అందం చెడుతుందని టెంప్లేట్ గీసినవారు దాన్ని అట్టడుగుకు తోసేశారు. కొండ, మోటార్లు, తమ్ముడు, జాన్, లాటిన్ దాటుకుని కిందికి దిగగలిగినవారికే ఆ నంబరు ప్రాప్తం. అన్నట్టు, ప్రధాన దృశ్యం రెండున్నర సెకన్లలోపు తెర మీదికి వస్తేనే పేజీ బాగున్నట్టని గూగుల్ కొలమానం. కొండ ఒక్కటే అంతకంటే ఎక్కువ సమయం తింటుంది.

పోనీ టెంప్లేట్ మార్చుకుందామా అంటే, విక్స్‌లో ఒక సైటుకు ఒకసారి ఎంచుకున్న టెంప్లేట్‌ను తీసేసి మరొకటి తొడగడం కుదరదు. కొత్త టెంప్లేట్‌తో కొత్త సైటు మొదలుపెట్టి అన్నీ మళ్లీ కట్టుకోవాలి. జాన్‌తో సహా.

ఈ మాట అనగానే వర్డ్‌ప్రెస్ అభిమానులు కుర్చీ ముందుకు జరుపుకుంటారు. నిజమే, 2003లో పుట్టిన ఆ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. అక్కడ సైటు మీది, ఫైళ్లు మీవి, ఎప్పుడైనా తీసుకువెళ్లవచ్చు. దానితోపాటు కాపలా ఉద్యోగం కూడా మీదే. ప్లగిన్లు, అంటే సైటుకు తగిలించుకున్న అదనపు సాఫ్ట్‌వేర్లు, నవీకరించాలి, నవీకరిస్తే ఏది విరిగిందో చూడాలి, బ్యాకప్ తీయాలి, లాగిన్ పేజీ తలుపు తట్టే దొంగలను లెక్కపెట్టాలి. పైగా వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వేరు, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు. మొదటిది దించుకుని మీకు నచ్చిన చోట పెట్టుకునే సాఫ్ట్‌వేర్, రెండోది చందా కట్టి వాడే సేవ. ఒకదాని గురించి చదివి రెండోదానికి డబ్బు కట్టినవారికి సానుభూతి తెలపడం తప్ప నేను చేయగలిగింది లేదు. అయినా రెంటిలో ఒకటి తేల్చమంటే నేను కాపలా ఉద్యోగమే తీసుకుంటాను.

ఎందుకంటే ఉచితంగా వచ్చిన ఇల్లు ఏమవుతుందో చూశాం. జనం సొంత పేజీలు ఉచితంగా పెట్టుకునే జియోసిటీస్‌ను యాహూ 1999లో కొన్నది, 2009లో మూసేసింది. ఏళ్ల తరబడి రాసుకున్న పేజీల్లో స్వచ్ఛంద సేవకులు హడావిడిగా దించుకోగలిగినవి మిగిలాయి. పాత కథ అంటారా? గూగుల్ కూడా చిన్న వ్యాపారులకు ‘మీ బిజినెస్ ప్రొఫైల్ నుంచే ఉచితంగా సైటు’ అని ఇచ్చింది (గూగుల్‌లో దుకాణం వివరాలు చూపే పేజీయే ఈ ప్రొఫైల్). 2024 మార్చిలో ఆపేసింది. ఆ చిరునామాకు వచ్చినవారిని ఆ జూన్ 10 వరకు ప్రొఫైల్ వైపు మళ్లించింది, ఆ తరువాత ‘పేజీ లేదు’. విజిటింగ్ కార్డుల మీద, బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద అచ్చు వేయించుకున్న చిరునామా అది! ఆ అచ్చు కూలి ఎవరిస్తారు? ఈమెయిల్ పంపాం కదా అంటారు. పొద్దస్తమానం నూనె చేతులతో ఉండే మనిషి మీ ఈమెయిల్ చదవలేదు. చదవడని మీకు తెలుసు. వాడు పెద్ద ఖాతాదారు కాడు, న్యాయవాదిని పెట్టుకోలేడు, అందుకే నిశ్చింతగా మూసేశారు. దీన్ని ‘సేవల క్రమబద్ధీకరణ’ అని పిలవడానికి నోరెలా వస్తుంది?

సరే, గొంతు తగ్గిస్తాను.

ఏ ప్లాట్‌ఫారం తీసుకున్నా తీసుకోండి, డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, మాత్రం విడిగా, మీ పేరు మీద, మీరు రోజూ చూసే ఈమెయిల్‌తో కొనుక్కోండి. మొదటి ఏడాది డొమైన్ ఉచితం అని ప్లాట్‌ఫారం వారు అంటారు, తీసుకునే ముందు రెండో ఏడాది రుసుము ఎంతో అడగండి. కొన్న మొదటి 60 రోజులు దాన్ని మరో రిజిస్ట్రారుకు, అంటే డొమైన్లు అమ్మే మరో సంస్థకు, సాధారణంగా మార్చనివ్వరని కూడా గుర్తుంచుకోండి. పేరు మీ చేతిలో ఉంటే సైటు పోయినా అదే చిరునామాలో మరొకటి నిలబెట్టవచ్చు, కార్డులు మళ్లీ అచ్చు వేయించనక్కరలేదు. రాతలూ ఫొటోలూ మీ కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంచుకోండి. చెప్పు ఉన్న ఫొటో అయినా సరే.

సైటు ఇప్పటికే ఉన్నవారు డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఈ సాయంత్రమే చూడండి. చాలామందికి అది సైటు కట్టిపెట్టిన కుర్రాడి పాత ఈమెయిల్ మీద ఉంటుంది. పునరుద్ధరణ నోటీసులన్నీ అక్కడికే వెళుతుంటాయి. ఆ కుర్రాడికి ఫోను చేయండి. ఎత్తితే మీరు అదృష్టవంతులు.