సంతకం పెట్టి మునిగిపోయిన ఉపాధ్యక్షుడు

డేనియల్ టాంప్‌కిన్స్ పేరు మనలో చాలామంది విని ఉండరు. కార్నెల్ యూనివర్సిటీలో చదివిన మన పిల్లలు ఉన్నది ఆయన పేరు పెట్టిన టాంప్‌కిన్స్ కౌంటీలోనే. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే లిబర్టీ విగ్రహాన్ని ఊరికే చూపించొచ్చని న్యూయార్క్‌లో మనం ఎక్కించే స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఉంది కదా, ఆ దారిలో 1817లో ఆవిరి పడవ దింపిన కంపెనీ కూడా ఆయనదే. అదే ఏడాది అధ్యక్షుడు జేమ్స్ మన్రో దగ్గర అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. 19వ శతాబ్దం మొత్తంలో ఒకే అధ్యక్షుడితో రెండు టర్ములూ పూర్తిగా చేసిన ఉపాధ్యక్షుడు ఈయనొక్కడే. అయినా ఎక్కడైనా ఆయన ప్రస్తావన వస్తే చెప్పేది ఒకటే, ఉపాధ్యక్షుడిగా సెనేట్ సభ నడపాల్సిన కుర్చీలో తాగి కూర్చునేవాడని.

తాగిన మాట నిజమే. ఎందుకు తాగాడో కూడా చెప్పాలి కదా.

బ్రిటన్‌తో 1812 యుద్ధం వచ్చేసరికి ఆయన న్యూయార్క్ గవర్నర్. సైనికులకు జీతాలివ్వాలి, తిండి పెట్టాలి, తుపాకులు కొనాలి. 1814 నాటికి వాషింగ్టన్ ఖజానా ఖాళీ, ప్రభుత్వ పత్రాలు చూపిస్తే బ్యాంకులు అప్పివ్వనన్నాయి, మీరు సొంతంగా పూచీ ఉంటే ఇస్తామన్నాయి. ఆయన సంతకం పెట్టేశాడు. లక్షల డాలర్లు ఆయన చేతి మీదుగా ఖర్చయ్యాయి. ఆ హడావుడిలో రసీదులు ఎవరు దాస్తారు? సొంత డబ్బూ సర్కారు డబ్బూ కలిసిపోయాయి, కొన్నిటికి అసలు కాగితమే లేదు.

యుద్ధం అయిపోయాక, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, రాష్ట్ర ఆడిట్‌లో లక్షా ఇరవై వేల డాలర్లకు లెక్క తేలడం లేదన్నారు. ఈయనా ఊరుకోలేదు, అప్పు తెచ్చినందుకు నాకు కమీషన్ రావాలి, ఆ లెక్కన రాష్ట్రమే నాకు బాకీ అని ఎదురు బిల్లు వేశాడు. ఇది మాత్రం ఆయన చేసిన తెలివితక్కువ పని, అప్పటిదాకా జాలిపడ్డవాళ్లు కూడా అనుమానపడ్డారు. 1820లో ఉపాధ్యక్షుడిగా ఉంటూనే గవర్నర్‌గా మళ్లీ పోటీ చేస్తే ప్రచారమంతా ఈ లెక్కల మీదే నడిచింది, అప్పటి గవర్నర్ డెవిట్ క్లింటన్ చేతిలో 1,500 ఓట్లలోపు తేడాతో ఓడిపోయాడు. తర్వాత, ఫెడరల్ ప్రభుత్వానికి బాకీ ఉన్నవాళ్లకు జీతం ఆపాలన్న చట్టం కింద ఆయన ఉపాధ్యక్షుడి జీతం కూడా ఆగింది! కోర్టుకెళితే జ్యూరీ, ఫెడరల్ ప్రభుత్వమే ఈయనకు లక్షా ముప్ఫై వేలకు పైగా బాకీ అని తేల్చింది. కాంగ్రెస్ అందులో కొంత మంజూరు చేసింది గానీ అప్పటికే ఆస్తులు తాకట్టులో ఉన్నాయి, ఒళ్లు పాడైంది. 1825 మార్చిలో దిగిపోయాడు, జూన్ 11న పోయాడు. యాభై ఒకటి నిండలేదు.

దొంగ కాదు, కానీ పద్దులు రాసుకోని మనిషి. నన్నడిగితే తప్పులో పెద్ద వాటా ప్రభుత్వానిదే. అవసరానికి సంతకం పెట్టించుకున్నప్పుడు కాగితాలు అడగలేదు, గండం గడిచాక అడిగింది. ఇంకో సంగతి, న్యూయార్క్‌లో బానిసత్వం 1827 జులై 4 నాటికి పూర్తిగా పోవాలని గవర్నర్‌గా అసెంబ్లీకి సిఫార్సు చేసిందీ ఈయనే, అది చట్టమైంది కూడా. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇదంతా మన పత్రికలో ఎందుకంటే, ఇక్కడి మన తెలుగు సంఘాల్లోనూ ఇదే జరుగుతోంది కాబట్టి. ఉగాదికి హాలు అడ్వాన్సూ క్యాటరింగ్ డబ్బులూ ఎవరో ఒకరు తన కార్డు మీద గీకేస్తారు, కమిటీ మారగానే కొత్తవాళ్లు బిల్లులేవీ అంటారు, వాట్సాప్ గ్రూపులో గుసగుసలు మొదలవుతాయి. సొంత కార్డు వాడేముందు ఇద్దరు ఆఫీస్ బేరర్ల ఈమెయిల్ తప్పనిసరి అని, నెలలోగా డబ్బు తిరిగిచ్చేయాలని వచ్చే జనరల్ బాడీలోనే బైలాస్‌లో పెట్టాలి. ప్రతిపాదించడానికి నేను రెడీ, సమర్థించడానికి ఒకరు కావాలి.