చందాదారులు ఎవరి సొత్తు?

వీడియో యాప్‌ల మధ్య పోటీ పెరిగితే మనకే లాభమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు పోటీ పడేది చూసేవాడి సమయం కోసం. తీసేవాడి గోడు పట్టించుకున్న కంపెనీ నాకైతే కనపడలేదు.

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. ఆమదాలవలస నుంచి సాలూరు దాకా ఎంతమంది కుర్రాళ్లు అందులో ఆడి పాడి పేరు తెచ్చుకున్నారో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో దిగాయి. దుకాణాలకు కొదవ లేదు, సరే. పాత అభిమానులను వెంట తెచ్చుకునే దారేది? అందరూ మళ్లీ సున్నా దగ్గర మొదలుపెట్టారు.

నంబరు మార్చుకోకుండా ఫోను కంపెనీ మారే వీలు 2011 జనవరిలోనే దేశమంతటా వచ్చింది. యాప్ మారినా మన చందాదారులను అలా వెంట తీసుకెళ్లే వీలు ఎందుకు ఉండకూడదు? పాడ్‌కాస్ట్‌లకు, అంటే నెట్‌లో వినే కార్యక్రమాలకు, ఉంది కదా! కొత్త భాగాలను వినేవాళ్ల యాప్‌లకు చేరవేసే లింకును (ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు అంటారు) కొత్త చోటికి మళ్లిస్తే చాలు, వినేవాళ్లు తమకు తెలియకుండానే వెంట వచ్చేస్తారు. వీడియోలకు పీర్‌ట్యూబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది, సర్వరు మనదే పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు ఎవరు భరిస్తారో మాత్రం అడగకండి.

పోటీ చివరికి ఎటు పోతుందో కూడా చూశాం. జియోసినిమా, హాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాయి. రెండు గుమ్మాలు పోయి ఒకటి మిగిలింది.

మా వైపు తప్పెటగుళ్ల బృందానికి నేనే వీడియోలు తీస్తుంటాను. రొమ్ముకు రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని పదిహేను ఇరవై మంది వలయంగా తిరుగుతూ ఆడతారు. ఆ వలయమే ఆటకు ప్రాణం. ఫోను నిలువుగా పట్టుకుంటే అందులో ఇద్దరు పడతారు, మూడోవాడి మోచెయ్యి పడుతుంది. అడ్డంగా తీసి ఆటంతా పెడితే చూసే దిక్కు లేదు. ఇద్దరినీ ఒక మోచేతినీ పెడితే వేలల్లో చూస్తున్నారు! ఏది పైకి తేవాలో యాప్ నిర్ణయిస్తుంది, ఎలా తీయాలో మేం దాన్ని బట్టి నేర్చుకుంటున్నాం.

ఇంకో వింత వినండి. తాతల నాటి సింహాద్రి అప్పన్న పాట మీద తమకు హక్కు ఉందని ఏదో ఆడియో కంపెనీ యాప్‌లోనే దావా (క్లెయిమ్) వేసింది. ప్రకటనల డబ్బు ఆగిపోయింది. అభ్యంతరం పెడితే, దాన్ని ముందుగా పరిశీలించేది ఆ దావా వేసిన కంపెనీయేనట. దొంగకే తాళాలు! బృందం గురువుగారికి చెబితే, "ఆ కంపెనీ బాబుని ఓసారి పంపించమనండి, గజ్జెలు నేనే కడతాను" అన్నారు.

మా బృందం చేత ఆట ఆడించిన ఊళ్ల పెద్దల నంబర్లు, ఫోన్ చేసి వీడియో అడిగినవాళ్ల నంబర్లు ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాం. ఏ యాప్ మూతపడినా, కొత్తది వచ్చినా వాళ్లకు లింకు మేమే పంపుకుంటాం. మీ దగ్గర కూడా ఇలాంటి బృందాలు ఉంటే ఆ పుస్తకం ఈ వారమే మొదలుపెట్టమనండి.