ఎముక సంగతి తరువాత, ముందు కిడ్నీలు జాగ్రత్త

‘విరిగిన ఎముక 15 రోజుల్లో అతికే రహస్యం’ అనే సందేశం మా కాలనీ గ్రూపులో తిరిగింది, ఆఫీసు గ్రూపులో తిరిగింది, పెందుర్తి నుంచి మేనత్త విడిగా పంపింది. హనుమంతవాక దగ్గర బండి జారి మణికట్టు విరగ్గొట్టుకున్న మా మిత్రుడు దాన్ని అక్షరాలా పాటించబోతున్నాడని తెలిశాక ఇక ఊరుకోలేకపోయాను.

పాయా సూపు తాగితే కాల్షియం నేరుగా ఎముకలోకి చేరుతుందట. అందులో కాల్షియం ఉండేదే కొంచెం. రుచి కోసం తాగండి. కాల్షియమే కావాలంటే చోడి (రాగి) అంబలి ఉంది, హార్బరులో నెత్తళ్లనే చిన్న చేపలున్నాయి, ముళ్లతో సహా నమలండి.

కాల్షియం మాత్రలు రెండేసి ఒకేసారి వేసుకోవాలట. ఒక విడతలో 500 మిల్లీగ్రాములు దాటితే ఒంటికి పట్టే వాటా తగ్గిపోతుంది. థైరాయిడ్ మాత్రకూ దీనికీ 4 గంటల ఎడం ఉండాలన్న ముక్క మాత్రం రాయలేదు.

అసలు ఘోరం మూడోది: ‘60,000 యూనిట్ల విటమిన్ డి, రోజుకొకటి, నెలపాటు.’ లోపం ఉన్నవారికి డాక్టర్లు సాధారణంగా రాసేది వారానికొకటి, 8 వారాలు. అంటే మొత్తం 4.8 లక్షల యూనిట్లు. ఈ మహానుభావుడి లెక్కన నెలకే 18 లక్షలు! ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అనుకోవడానికి ఇది బి కాంప్లెక్స్ కాదు. కొవ్వులో చేరి నెలల తరబడి ఉండిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, తీరని దాహం, మలబద్ధకం, తికమక మొదలవుతాయి. ఆ పైన కిడ్నీలు దెబ్బతింటాయి. ఎముకల డాక్టరు దగ్గర మొదలైన వైద్యాన్ని కిడ్నీల డాక్టరు దగ్గర ముగించే మార్గమన్నమాట. ఇప్పటికే రోజూ మింగుతున్నవారు వెంటనే ఆపి, డాక్టరును కలిసి రక్తంలో కాల్షియం పరీక్ష చేయించుకోండి.

పదిహేనో రోజున కట్టు విప్పేయాలట. అప్పటికి విరిగిన చోట ఉండేది మెత్తటి కణజాలమే. మణికట్టుకు సుమారు 6 వారాలు, కాలి పెద్ద ఎముకకు 3, 4 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎముకకు వాట్సాప్ లేదు కాబట్టి ఈ గడువు దానికి తెలియదు.

ఆ సందేశంలోని నల్లేరు తీగను మాత్రం కొట్టిపారేయను. దవడ విరిగినవారిపై జరిగిన చిన్న అధ్యయనాల్లో నొప్పి, వాపు త్వరగా తగ్గినట్లు కనిపించింది. పెద్ద అధ్యయనాలు జరగాలి. అందాకా పచ్చడి చేసుకోండి, పచ్చిగా నమిలితే గొంతు దురదే.

ఇంత రాసిన మనిషి పొగ మానమని ఒక్క ముక్క రాయలేదు. ఎముక అతకడాన్ని సిగరెట్టు, చుట్ట ఆలస్యం చేస్తాయన్నది తేలిన విషయమే. కానీ అది రాస్తే మా మిత్రుడు ఇంకొకరికి పంపేవాడు కాదు.