అసలు కన్నా కొసరు బరువు

అలాస్కా ఓడ యాత్రకు ఎంత ఖర్చవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో, ఏ రేవులో ఎన్నింటికి ఆగి ఎన్నింటికి కదులుతుందో కంపెనీవాళ్లే అచ్చువేసి చేతిలో పెడతారు. ఆ ఏడు రోజులూ యాత్రికుడు చేయాల్సిందల్లా తినడం, పడుకోవడం, మంచుకొండలు కనిపించినప్పుడు "అబ్బ" అనడం. మనవాళ్లకి ఈ సుఖం ఒంటికి పడదు. ఒళ్లు హూనం కాకుండా వచ్చే పుణ్యం పుణ్యమెలా అవుతుంది? అందుకని పెద్దలు ఒక మహాసూత్రం కనిపెట్టారు: "ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా!"

ఈ సూత్రాన్ని ఇకమీదట గౌరవంగా 'ఎలాగూ' అని పిలుద్దాం. దీని ప్రయోగం ఇలా ఉంటుంది. ఓడ ఎలాగూ కెనడాలోని వాంకూవర్‌లో దింపుతుంది కాబట్టి అక్కడ రెండు రోజులు. వాంకూవర్ దాకా ఎలాగూ వచ్చాం కాబట్టి పక్కనే అమెరికాలో ఉన్న సియాటిల్‌లో ఇంకో రెండు రోజులు. పక్కనే అంటే 230 కిలోమీటర్లు, నడుమ ఒక అంతర్జాతీయ సరిహద్దు.

కెనడా పొడ తగలకుండా అలాస్కా చూసొచ్చే ఉపాయం లేదా అంటే, పెద్ద ఓడల్లో దాదాపు లేదు. విదేశీ జెండా కట్టుకున్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్న జనాన్ని నేరుగా అమెరికా రేవులోనే దింపకూడదని 1886లో ఒక చట్టం చేశారు. ఈ ఓడలన్నీ కట్టుకునేవి బహామాస్ జెండానో, పనామా జెండానో, మరొకటో. అందుకే సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఓడ కూడా దారిలో కెనడా రేవు ఒకటి తాకి రావాలి. మామూలుగా విక్టోరియాలో, అదీ సాయంత్రం పూట, చట్టం తృప్తి పడేంతసేపు ఆగుతుంది.

అందువల్ల 'ఎలాగూ' మార్గంలో మొదటి విఘ్నేశ్వరుడు కెనడా వీసా. కొడుక్కి గ్రీన్ కార్డు ఉంటుంది. పాస్‌పోర్టూ ఆ కార్డూ చూపిస్తే కెనడావాళ్లు వీసా అడగరు. తనను అడగరు కాబట్టి ఇంట్లో ఎవర్నీ అడగరనుకోవడం ఆ కార్డుతో పాటు వచ్చే గుణం. గుంటూరు నుంచి వేసవికి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులో పదేళ్ల అమెరికా వీసా ఎంత నిగనిగలాడినా కెనడాకి కెనడా వీసా ఉండాల్సిందే. లేకపోతే ఓడే ఎక్కనివ్వరు. మనిషికి 100 కెనడా డాలర్లు ఫీజు, వేలిముద్రలకు ఇంకో 85. వేలిముద్రలు పదేళ్లు పనికొస్తాయి గనక దాన్ని పెట్టుబడి కింద రాసుకోవచ్చు. బాల్కనీ గదికి డబ్బు కట్టేశాక ఈ సంగతి తెలిసిన ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగదు.

హెచ్1బీ వాళ్లది వేరే పురాణం. వాళ్లకీ కెనడా వీసా కావాలి. అయితే పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయినా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) చెల్లుతూ ఉండి, 30 రోజుల లోపే కెనడా నుంచి తిరిగొస్తే పాత స్టాంపు మీదే లోపలికి రానిచ్చే వెసులుబాటు ఒకటుంది. అక్కడున్నప్పుడు కొత్త స్టాంపుకి దరఖాస్తు పెట్టారా, ఆ వెసులుబాటు కాస్తా పోతుంది. "ఎలాగూ వాంకూవర్ వచ్చాం కదా, స్టాంపింగ్ కూడా కానిచ్చేద్దాం" అనుకునే బుద్ధిశాలి సియాటిల్ హోటల్‌ని డబ్బు వాపసు ఇచ్చే రకంలో బుక్ చేసుకోవడం ఉత్తమం.

ఇక కొసరు రోజుల ప్రణాళిక. దీన్ని మార్చి నెలలో, ఎక్సెల్ షీటులో, ఇంట్లో అందరికన్నా తక్కువ నడిచేవాడు తయారుచేస్తాడు. జూన్‌లో అక్కడ రాత్రి 9 దాటితే గానీ పొద్దు కుంకదని ఎక్కడో చదివి ఉంటాడు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా రోజుకి 16 గంటలు, నాలుగు రోజులకి 64 గంటలు, ఒక్కో ప్రదేశానికి గంటన్నర. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ షీటులో మనుషులు లేరు. ఆరుగురికి ఒక స్నానాలగది, తలకి 20 నిమిషాలు వేసుకున్నా తొలి తలుపు చప్పుడుకీ మలి తలుపు చప్పుడుకీ మధ్య రెండు గంటలు పోతాయి. ఆఖరివాళ్లు తయారయ్యేసరికి మొదటివాళ్లకి ఆకలేస్తుంది.

ఓడ దిగే ముందు రాత్రే అసలు నాటకం మొదలవుతుంది. పెట్టెలకి నంబరు చీటీలు కట్టి పదీ పదకొండు లోపు గది బయట పెట్టాలి. మనవాళ్లు క్రమశిక్షణ కలవాళ్లు గనక సాయంత్రం ఏడింటికే సర్వం సర్దేసి పెట్టేస్తారు. తెల్లారేసరికి నాన్నగారు లుంగీలో, ఆయన ప్యాంటు ఓడ అడుగున. బీపీ మాత్రలు కూడా ప్యాంటుతోనే ప్రయాణం చేస్తుంటాయి. ఒక జత బట్టలు, మందులు, పాస్‌పోర్టులు, ఛార్జర్ చేతిసంచీలో ఉంచుకోమని ఓడవాళ్లు ముందే కాగితం ఇస్తారు. ఆ కాగితాన్ని కూడా పెట్టెలోనే సర్దడం ఆనవాయితీ. ఎక్కేటప్పుడు స్వాధీనం చేసుకున్న రైస్ కుక్కర్‌కి బెయిల్ దొరికేదీ ఆఖర్లోనే. వేడిచేసే సామాను ఓడ గదుల్లోకి రానివ్వరు, నిప్పు భయం. చీటీ చూపిస్తే తిరిగి ఇస్తారు. దాంతో పెట్టెల సంఖ్య ఏడు నుంచి ఎనిమిదికి చేరుతుంది.

ఉదయం 9, 9:30 కల్లా అందరినీ దింపేస్తారు, ఆ సాయంత్రమే ఇంకో రెండు మూడు వేల మందిని ఎక్కించుకోవాలి కాబట్టి. హోటల్‌వాళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం 3కో 4కో. ఈ ఆరు గంటలే కొసరు యాత్రలో అతి ముఖ్యమైన ఘట్టం. షీటులో మాత్రం దీనికి వరసే ఉండదు. ఓడ దింపే కెనడా ప్లేస్ నుంచి వాటర్‌ఫ్రంట్ స్టేషన్ నాలుగడుగులు. హోటల్ ఆ దరిదాపుల్లోనో, విమానాశ్రయానికి పోయే కెనడా లైన్ మెట్రో పక్కనో ఉంటే పెట్టెలు లాబీలో పడేసి చేతులూపుకుంటూ తిరగొచ్చు. రాత్రికి 40 డాలర్లు కలిసొస్తాయని ఊరవతల హోటల్ తీసుకున్నవాళ్లు ఎనిమిది పెట్టెలతో రెండు టాక్సీలు మాట్లాడుకుని, ఆ 40 డాలర్లని పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి సమర్పించుకుంటారు.

వాంకూవర్‌లో మొదటి తీర్థం గ్యాస్‌టౌన్ ఆవిరి గడియారం. పావుగంటకోసారి ఆవిరి కూత పెడుతుంది. చూడ్డానికి విక్టోరియా మహారాణి కాలం నాటిదిలా ఉంటుంది గానీ పెట్టింది 1977లో, మన దగ్గర ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. దాని ముందు నిలబడి "ఆ కాలపు పనితనమే వేరు" అని నిట్టూర్చే నాన్నగారు అప్పటికి ఇంటర్ చదువుతుంటారు.

రెండోది కాపిలానో ఊగుడు వంతెన. 140 మీటర్ల పొడవు, నది మీద 70 మీటర్ల ఎత్తు. టికెట్టు మనిషికి 70 కెనడా డాలర్ల దరిదాపుల్లో. ఇక్కడ పెద్దాయన మూడు అంచెల గణితం చేస్తారు. కెనడా డాలర్లని అమెరికా డాలర్లలోకి, వాటిని రూపాయల్లోకి, ఆ రూపాయల్ని తెనాలి దగ్గర ఎకరం కౌలులోకి. చేసి, తాను కింద కూర్చుంటానంటారు. అదే ఉత్తర వాంకూవర్‌లో లిన్ కాన్యన్ అని ఇంకో ఊగుడు వంతెన ఉంది. 1912 నాటిది, 50 మీటర్ల ఎత్తు, ప్రవేశం ఉచితం. వాటర్‌ఫ్రంట్ దగ్గర సీబస్ అనే పడవ ఎక్కితే 12 నిమిషాల్లో అవతలి ఒడ్డు, అక్కణ్నుంచి సిటీ బస్సు. ఉచితం కాబట్టి ఇది షీటులో ఉండదు. డబ్బు కట్టనిదాన్ని చూసొచ్చామని ఊళ్లో ఎవరికి చెప్పుకుంటాం?

స్టాన్లీ పార్కు గురించి ఒక్క హెచ్చరిక. 400 హెక్టార్ల పార్కుకి షీటులో 45 నిమిషాలు కేటాయించి ఉంటారు. ఒడ్డు వెంబడి చుట్టుదారే తొమ్మిది, పది కిలోమీటర్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆదివాసుల టోటెమ్ స్తంభాల దగ్గర దిగి, ఫొటో దిగి, మళ్లీ బండెక్కితే పార్కు చూసినట్టే. ఈ సంగతిలో శాస్త్రం ఒప్పుకుంటుంది.

మూడో రోజు సరిహద్దు. రైలు రోజుకి రెండే. ఒకటి తెల్లవారుజామున, ఒకటి సాయంత్రం, ప్రయాణం నాలుగు గంటలు, నాలుగున్నర. పాసింజర్ రైలుకి పరిగెత్తినట్టు ఆఖరి నిమిషంలో వెళ్తే కుదరదు, స్టేషన్లోనే అమెరికా అధికారుల తనిఖీ ఉంటుంది. గంట ముందు వరసలో నిలబడాలి. సముద్రం కుడిచేతి వైపు వస్తుంది. బస్సయితే సరిహద్దు దగ్గర ఎనిమిది పెట్టెలూ దింపి, తనిఖీ అయ్యాక ఎనిమిదీ మళ్లీ ఎక్కించుకోవాలి. కారు అద్దెకి తీసుకుని ఒక దేశంలో ఎక్కి ఇంకో దేశంలో వదిలేద్దామనుకుంటే, వదిలినందుకు వేసే రుసుము చాలాసార్లు అద్దెనే మించిపోతుంది.

ఈ ఘట్టంలో తెలుగువాడికి జరిగే ప్రత్యేక పరాభవం కరివేపాకుది. వాంకూవర్ పక్కన సర్రీలో మనవాళ్ల దుకాణాలు బోలెడు. అక్కడ పచ్చగా, లేతగా, చవగ్గా కనిపించిన కరివేపాకుని అత్తగారు తడిగుడ్డలో చుట్టి పెట్టెలో పెడతారు. నిమ్మజాతి చెట్లని చంపే తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుందని అమెరికా పచ్చి కరివేపాకుని బయటినుంచి తేనివ్వదు. ఉందని ముందే చెబితే తీసి చెత్తబుట్టలో వేసి పంపేస్తారు. చెప్పకుండా దొరికితే జరిమానా. కూరలోంచి ఏరి పక్కన పడేసే కరివేపాకుని అంతర్జాతీయ సమస్య స్థాయికి ఎదిగించిన దేశం అది, గౌరవించాలి.

సియాటిల్‌లో మొదట చూడాల్సింది కారు అద్దం. అద్దెకారులో పెట్టెలు వదిలి పది నిమిషాలు అలా వెళ్లొస్తే అద్దం ముక్కలు సీటు మీద ఉంటాయి, పెట్టెలు ఉండవు. డిక్కీలో దాచినా దాచడం ఎవరైనా చూస్తే అంతే. కాబట్టి ఊళ్లో తిరగడానికి కారు వద్దు. స్పేస్ నీడిల్ అనే ఎత్తైన గోపురం దగ్గరికి 1962 నాటి మోనోరైలు ఉంది, వెస్ట్‌లేక్ నుంచి మైలు దూరం, రెండు నిమిషాలు. విమానాశ్రయానికి లింక్ రైలు, ఎంత దూరమైనా మూడు డాలర్లు, నలభై నిమిషాల చిల్లర.

స్పేస్ నీడిల్ 605 అడుగులు. టికెట్టు కొని పైకెళ్లాక గానీ తెలియని రహస్యం, అక్కడినుంచి స్పేస్ నీడిల్ కనిపించదు. వాట్సాప్‌లో అందరూ పెట్టే ఫొటో, నీడిల్ ముందూ రెయినియర్ కొండ వెనకా ఉండేది, కెర్రీ పార్కు నుంచి తీసింది. అక్కడ టికెట్టు లేదు. కొండ కనిపించడం మాత్రం దైవాధీనం. 14,410 అడుగుల కొండ రోజుల తరబడి మబ్బుల్లో దాక్కుంటుంది. కనిపించిన రోజున ఊరివాళ్లే "కొండ బయటికొచ్చింది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. షీటులోనేమో "రెయినియర్: మంగళవారం 2:00 - 3:30" అని ఉంటుంది. కొండ దగ్గరికి కారులో వెళ్లడానికే రెండున్నర గంటలు.

పైక్ ప్లేస్ మార్కెట్ 1907 నాటిది. అక్కడ చేపలు విసురుకోవడం చూడ్డానికి డబ్బులక్కర్లేదు. పక్కనే 'మొట్టమొదటి స్టార్‌బక్స్' ముందు గంట క్యూ. 1971లో పెట్టిన మొదటి దుకాణం వేరేచోట ఉండేది, 1976లో ఇక్కడికి మారింది. అంటే మొదటి దుకాణపు రెండో ఇంటి ముందు గంటసేపు నిలబడి, కొండాపూర్‌లో దొరికే కాఫీనే తాగి, అమ్మ "డికాక్షన్ పల్చగా ఉందిరా" అనగా వినడం. తిరుమలలో కంపార్టుమెంట్లు అలవాటున్న జాతికి గంట లెక్కేం కాదులెండి.

ఇంత పకడ్బందీ పథకాన్నీ ఒక్క ఫోను కాల్ తలకిందులు చేస్తుంది. "సియాటిల్ దాకా వచ్చి మా ఇంటికి రాకుండా వెళ్తారా బావగారూ?" వదినగారి చెల్లెలి ఇల్లు బాతెల్‌లోనో, రెడ్‌మండ్‌లోనో, సమామిష్‌లోనో లేకుండా తెలుగు కుటుంబం ఉండదు. భోజనానికి పిలుపు 12కి, వడ్డించేది 2:30కి, ఫలహారాల మీద ఫలహారం, తాంబూలం, చీర. వెళ్లే దారిలో సరస్సు మీద 520 నంబరు రహదారి తేలే వంతెన వస్తుంది. 7,710 అడుగులు, ప్రపంచంలోకెల్లా పొడవైన తేలే వంతెన అదే. టోలు కెమెరా పట్టుకుంటుంది, అద్దెకారువాడు దానిమీద తన రుసుము వడ్డిస్తాడు. దక్షిణంగా ఐ-90 వంతెన మీదుగా పోతే టోలు లేదు. ఆ పూటకి మాత్రమే కారు తీసుకుంటే, భోజనమయ్యాక స్నోక్వాల్మీ జలపాతం చూపించొచ్చు. 268 అడుగులు, నయాగరా కన్నా ఎత్తు, చూడ్డానికి టికెట్టు లేదు. ఆ పప్పుచారు తిన్నాక కళ్లు తెరిచి చూడగలిగినవాళ్లకి.

నాలుగు రోజుల 64 గంటల్లో ఊళ్లు చూసింది పద్దెనిమిదో, ఇరవయ్యో గంటలు. మిగతావన్నీ పెట్టెల సేవకే. అయినా ఎవరూ చింతించరు, షీటులో అన్ని గళ్లూ ఆకుపచ్చ రంగులో ఉంటాయి, చూడనివి కూడా.

సియాటిల్ విమానాశ్రయం సీటాక్‌లో కౌంటర్ దగ్గర ఒక పెట్టె తూకం 25 కిలోలు చూపిస్తుంది. 23 దాటకూడదు. ఆ రెండు కిలోలే కొసరు: ఆవిరి గడియారం బొమ్మలు, వదినగారి చెల్లెలిచ్చిన చీర, రైస్ కుక్కర్ మూత. పెట్టె నేలమీద తెరిచి, ఎండాకాలంలో రెండు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటూ నాన్నగారు నెమ్మదిగా అంటారు: "దుబాయ్‌లో విమానం మారడానికి తొమ్మిది గంటలుందిరా. అమెరికా వీసా ఉన్న మనవాళ్లకి అక్కడ దిగగానే వీసా ఇస్తారట కదా... ఎలాగూ..."