రోహిణి కార్తెకు ఐదు నక్షత్రాల శాంతి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు హెచ్చరించి ఊరుకున్నారే గాని, రోలు సంగతి సరే, దాని పక్కన కాపురముంటున్న మనిషి ఏం చేయాలో చెప్పలేదు. రోహిణి ఒక నక్షత్రం. ఒక నక్షత్రం పెట్టే పీడకు అంతకంటే ఎక్కువ నక్షత్రాలతో శాంతి జరిపించడమే శాస్త్రసమ్మతమని, బెజవాడలో ఐదంతస్తుల భవనంలో ఐదో అంతస్తున, పడమటి గోడకు ఆనుకుని నిద్రించే గృహస్థుగా నేను ఒక నిశ్చయానికి వచ్చాను. ఏసీలకు ఆ నక్షత్రాలను, అదే కరెంటు పొదుపు స్టార్లను, ప్రసాదించే అధికారం బీఈఈ, అనగా బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే ఢిల్లీ కార్యాలయానిది. ట్రెజరీలో ముప్ఫై ఏళ్లు బిల్లులు పరిశీలించి పదవీ విరమణ చేసిన వాణ్ణి గనుక, 2024 మే నెలలో ఏలూరు రోడ్డులోని ఒక ఏసీల దుకాణానికి భూతద్దం వెంటబెట్టుకుని మరీ వెళ్లాను.

ఏసీ నుదుటి మీద అంటించిన ఆ చీటీని ఆషామాషీగా చదవకూడదు; అది జాతకచక్రం. అందులో ఐఎస్ఈఈఆర్ అనే అంకె ఒకటి ఉంటుంది. ఏడాది పొడుగునా గదిలోంచి తోడిపోసిన వేడిని, అందుకు మింగిన కరెంటుతో భాగిస్తే వచ్చేది ఆ అంకె. 2022 జూలై నుంచి 2025 చివరిదాకా నడిచిన లెక్క ప్రకారం 3.80 ఉంటే మూడు స్టార్లు, 5.00 ఉంటే ఐదు. అంతకుముందు 2018 నాటి లెక్కలో 4.50కే ఐదు స్టార్లు దక్కేవి. అప్పట్లో ఐదు స్టార్లది కొని, మమ్మల్ని పిలిచి కాఫీ ఇచ్చి మరీ చూపించిన మా బావమరిది యంత్రం 2022 లెక్కలో నాలుగు స్టార్లదైపోయింది. ఏ తప్పూ చేయకుండా, గోడ దిగకుండా హోదా తగ్గడం ప్రభుత్వ సర్వీసులో కూడా నేను చూడలేదు. ఈ సంగతి అతనికి నేనే స్వయంగా, కాఫీ తాగుతూనే తెలియజేశాను.

చీటీలో ఏడాదికి ఇన్ని యూనిట్లని వేసిన అంకె 1,600 గంటల వాడకానికి కట్టిన లెక్క. రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండు వందల రోజులన్నమాట. బయటి ఉష్ణోగ్రత 24 నుంచి 43 డిగ్రీల దాకా ఏ డిగ్రీ దగ్గర ఎన్ని గంటలుంటుందో కూడా అందులోనే పంచి పెట్టారు. 44, 45 డిగ్రీలకు ఆ పట్టికలో చోటు లేదు. ఆ రోజుల్లో మేము దేశంలో లేనట్టే. ఏసీ చల్లదనపు సామర్థ్యాన్ని కొలిచేది మాత్రం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. మే నెలలో మాకు 35 అనేది రాత్రి భోజనాలయ్యాక వచ్చే చల్లగాలి పేరు. బయటి వేడి పెరిగేకొద్దీ యంత్రం తోడే వేడి తగ్గుతుంది, తినే కరెంటు పెరుగుతుంది గనుక, దాని అవసరం మిట్టమధ్యాహ్నం ఎక్కువ, దాని సత్తా సంధ్యవేళ ఎక్కువ.

ఇక టన్ను. దుకాణంలోని కుర్రవాడు గది కొలతలు అడిగాడు. పదికి పన్నెండు అన్నాను. "పై అంతస్తా సార్? పడమర గోడా? అయితే టన్ను చాలదు, టన్నున్నర తీసుకోండి" అన్నాడు. టన్ను ఏసీ అంటే టన్ను బరువని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికా వారి టన్ను ఐసు, అనగా 907 కిలోలు, ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని తోడగలిగే శక్తి అది. ఆ లెక్కన మా పడకగదిలో రోజుకు 1,360 కిలోల ఐసు దిమ్మలు దింపుతున్నాననుకుంటే గర్వంగానే ఉంటుంది. ఆ ఐసులో ఎంత భాగం మా మీద ఖర్చవుతుంది, ఎంత భాగం ఎండ మింగిన శ్లాబు మీద ఖర్చవుతుంది అని మాత్రం నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ధర విషయంలో నా లెక్క తిరుగులేనిది. మూడు స్టార్లది వెయ్యి యూనిట్లు తినే చోట ఐదు స్టార్లది 760తో సరిపెట్టుకుంటుంది. వేసవిలో మా మీటరు ఏసీ లేకుండానే 400 అంచున నిలబడుతుంది గనుక, ఆ పైన తిరిగే ప్రతి యూనిట్టూ 9 రూపాయల 75 పైసలే. అంటే ఏడాదికి 2,340 రూపాయలు మిగులు. అదనంగా పోసిన ఎనిమిది వేలు నాలుగేళ్లు తిరక్కుండా చేతికి వస్తాయి. ఈ లెక్కను కాగితం మీద వేసి మా ఆవిడకు చూపిస్తే, "ఏమండీ, ఆ ఎనిమిది వేలల్లో కాస్త పెట్టి ముందు డాబా మీద సున్నం కొట్టించకూడదా?" అంది.

ఇటువంటి సూచనలు విద్యావంతుల ఇళ్లలో కూడా వస్తుంటాయి. తెల్లటి పూత ఎండను వెనక్కి కొడుతుందని, శ్లాబు కాగడం తగ్గుతుందని, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం కూల్ రూఫ్ పాలసీ అని ఒక విధానమే ప్రకటించిందని నాకూ తెలుసు. పడమటి కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లుకున్న తరం మాది. కాని నేను వేసిన ప్రశ్న ఒక్కటే: సున్నానికి ఎన్ని స్టార్లు? తడికకు ఐఎస్ఈఈఆర్ ఎంత? ధ్రువీకరణ పత్రం లేని చల్లదనాన్ని ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏనాడూ పాస్ చేయని వాణ్ణి, ఇంట్లో మాత్రం ఎలా చేస్తాను? డాబా నల్లగానే ఉంది, కిటికీ బోసిగానే ఉంది, ఏసీ వచ్చింది.

2020 జనవరి నుంచి ప్రతి ఏసీ మొదటిసారి వెలిగించగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని నిబంధన. ఆ గౌరవానికి భంగం కలగకుండా దాన్ని 24 మీద వెలిగించి, వెంటనే ఆరుసార్లు మీట నొక్కి 18కి దించుతాను. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ వారే చెబుతారు. ఆరు డిగ్రీలకు 36 శాతం. స్టార్ల వల్ల మిగిలింది 24 శాతం. కొనేటప్పటి పొదుపు, వాడేటప్పటి ఖర్చు వేర్వేరు పద్దుల కిందివి గనుక వీటిని కలిపి చూడటం అకౌంట్స్ సూత్రాలకు విరుద్ధం. 20కి తక్కువ పెట్టే వీలు లేకుండా చేస్తామని కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ 2025 జూన్‌లో ప్రకటించిన రోజున నాకు అన్నం సహించలేదు. 18 డిగ్రీల్లో చలి వేయదా అని అడుగుతారు, వేస్తుంది. అందుకే పానిపట్టు దుప్పటి, రెండు కిలోలది, కప్పుకుంటాను.

ఆ దుప్పటిని వారానికోసారి ఉతుకుతారు. ఏసీ బయటి పెట్టె మా వంటింటి వెనక బాల్కనీలో, గ్రిల్లు లోపల, పాత బకెట్ల నడుమ ఉంది. దాని ఫ్యాను ఎదుట మా అత్తగారు ఒక తాడు కట్టించారు. "లోపలి వేడంతా ఇటు ఊదేస్తోంది కదా బాబూ, ఊరికే పోనీయడం దేనికి?" అన్నారావిడ. యంత్రం పనిచేసే సూత్రాన్ని ఇంత సూటిగా గ్రహించిన వ్యక్తి ఆ దుకాణంలో సైతం లేరు. తడి దుప్పటి అరగంటలో పెళపెళలాడుతుంది.

మొన్న మే నెలలో ఏసీ చల్లబరచడం మానేసింది. 18ని 16 చేశాను. గాలి వస్తోంది, చల్లదనం రాలేదు. మెకానిక్ వచ్చి గ్యాస్ చూశాడు, జల్లెడలు విప్పి చూశాడు, చివరికి బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. బయటికి పోవలసిన వేడిగాలి దుప్పటికి కొట్టుకుని, వెనక్కి తిరిగి, మళ్లీ ఆ పెట్టెలోకే దూరుతోంది. "మిషన్‌కి ఏం కాలేదు సార్. ఇది తీసేయండి చాలు" అని దుప్పటి మడిచి అత్తగారి చేతిలో పెట్టి, మూడు వందలు పుచ్చుకుని వెళ్లాడు. పది నిమిషాల్లో గది చల్లబడింది. అరగంటకు చలి మొదలైంది.

"కప్పుకోండి బాబూ, ఇంకా వెచ్చగానే ఉంది" అంటూ అత్తగారు దుప్పటి తెచ్చి మంచం మీద పెట్టారు.