రాగి రేకు మీద నది, పక్కనే పొగ ఓడ

పారిస్‌లో 1862లో ఆల్ఫ్రెడ్ కాడార్ ప్రచురించిన ఎచింగ్‌ల, అంటే రాగి రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మల, సంపుటి ఒకటుంది. షార్ల్ ఫ్రాన్స్వా డోబిన్యీ అనే చిత్రకారుడు 1857లో ఒక పడవ కొని, దాని మీద చిన్న గది కట్టించుకుని సేన్, వాజ్ నదుల్లో తిరుగుతూ బొమ్మలు వేశాడు. ఆ ప్రయాణాల ముచ్చట్లే ఈ సంపుటి. ఒక బొమ్మలో ఆయన పడవ గదిలో కూర్చుని పనిలో ఉంటాడు. అక్కడున్న ఒక కాన్వాసు మీద 'రియలిజం', అంటే ఉన్నది ఉన్నట్టు చూపించడం, అన్న మాట కనిపిస్తుంది. ఇంకో బొమ్మలో పొగ ఓడ లేపిన అలలకు ఆ బుల్లి పడవ ఊగిపోతుంటుంది.

ఫొటోలు వచ్చాకే చేతి గీతకు గిరాకీ పెరిగిందని తేల్చేస్తుంటారు. అది సగం నిజమే. ఎచింగ్‌లో రాగి రేకుకు మైనం పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. పూత లేచిన చోట ఆమ్లం రాగిని తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కుతారు. సూదికి మైనం పెద్దగా అడ్డు రాదు కాబట్టి గీత దస్తూరీలా సాగుతుంది. కొనేవాళ్లకు నచ్చింది ఆ దస్తూరీయే. అయితే కొన్నదెవరు? ఎక్కువగా పట్నం మధ్యతరగతి. ఏ రైళ్లూ ఫ్యాక్టరీలూ పల్లెల రూపు మార్చేస్తున్నాయో, వాటి పుణ్యమా అని నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్లు. పోతున్న నదీతీరాన్ని వాళ్లు అట్టల మధ్య పెట్టి ఇంట్లో దాచుకున్నారు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. 1850ల చివర్లో రాగి రేకుకు విద్యుత్తుతో పల్చటి ఇనుప పూత వేసే పద్ధతి వచ్చింది. దాంతో రేకు త్వరగా అరగదు, కావలసినన్ని కాపీలు తీయొచ్చు. సరిగ్గా ఆ తర్వాతే పరిమిత ప్రతులు, కింద పెన్సిల్ సంతకాలు రివాజయ్యాయి. అంటే అరుదు కావడం వ్యాపారులూ కళాకారులూ కలిసి తీసుకున్న నిర్ణయమే. ఇందులో మోసమేమీ లేదు, కానీ అమాయకత్వం కూడా లేదు.

లండన్ సర్జన్ ఫ్రాన్సిస్ సేమూర్ హేడెన్ ఆరుబయటే రాగి మీద నేరుగా గీయాలని పట్టుబట్టేవాడు. ఆయన 1870లో గీసిన ఒక ఎచింగ్‌లో థేమ్స్ ఒడ్డున, సాయంత్రపు వెలుగులో, ఒక పెద్ద యుద్ధనౌకను విడగొడుతుంటారు. దాని పేరు ఆగమెమ్నాన్. బ్రిటన్ మొదటినుంచీ ఆవిరి ఇంజిన్ కోసమే డిజైన్ చేసి కట్టిన తొలి యుద్ధనౌక అది, 1852లో నీళ్లలోకి దిగింది. డోబిన్యీ పడవను కుదిపేసిన ఆవిరికి అప్పుడే ముసలితనం వచ్చేసింది.